లాభమే తూనికరాయి యగునా?

2017వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆరు బ్యాంకులు భారతీయ స్టేట్ బ్యాంకులో లీనమైనవి. వానిలో ఒకటి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు. 1941లో నిజాము ప్రభుత్వకాలమున పుట్టి, తెలంగాణ ప్రాంతమున మూడు తరములవారి జీతములను, పింఛనులను, పంటరుణములను చూచిన బ్యాంకు అది. మరియొకటి భారతీయ మహిళా బ్యాంకు. కేంద్రప్రభుత్వము వేయికోట్ల మూలధన మేర్పరచి 2013 నవంబరు 19న దానిని ప్రారంభించినది. మొదటి పాలకమండలిలో అందరును స్త్రీలే. మూడున్నర సంవత్సరములైనను నిండకుండ ఆ పేరు బోర్డులపైనుండి తొలగిపోయినది.

రెండవ బ్యాంకు మాట వచ్చినప్పుడు, ఆడువారు నడిపిన బ్యాంకు గనుక నిలువలేదని పెదవి విరచినవారు లేకపోలేదు. మొదటి బ్యాంకు మాట వచ్చినప్పుడు, అది మగవారు నడిపినది గనుక మాసిపోయినదని అన్నవా రొక్కరును లేరు. విచిత్రమేమనగా, ఈ ఆరింటిని తనలో కలుపుకొన్న స్టేట్ బ్యాంకునకు అప్పటి అధ్యక్షురాలు అరుంధతీ భట్టాచార్య. రెండువందల యేండ్లు దాటిన ఆ సంస్థ చరిత్రలో 2013లో తొలిసారిగా ఆ పీఠము నధిష్ఠించిన స్త్రీ ఆమెయే. కలుపుకొన్నది స్త్రీ నేతృత్వముననున్న సంస్థ; కలిసిపోయినవానిలో ఒకటి స్త్రీలు నడిపిన సంస్థ. ఒకే దినమున జరిగిన ఈ రెంటినిబట్టి స్త్రీల సామర్థ్యమును గూర్చి ఏమి నిర్ణయింపగలము? ఏమియు నిర్ణయింపలేము. ఐనను లోకము నిర్ణయించుచునే యున్నది.

కంపెనీల ఉన్నతపదవులలో స్త్రీలుండుటవలన ఆ కంపెనీలకు లాభము పెరుగునా, తరుగునా? ఈ ప్రశ్న కొంతకాలముగా వర్తకలోకమున మిక్కిలి వినబడుచున్నది. దీనికి బదులు చెప్పుటకై పండితులు లెక్కలు కట్టిరి. ఆ లెక్కల నించుక చూడవలెను. చూచినపిదప, ఆ ప్రశ్న సరియైనదేనా యని ఆలోచింపవలెను.

2007లో కాటలిస్ట్ అను అమెరికా సంస్థ యొక్క పెద్ద కంపెనీల పరిశీలన వెలువడినది. డైరెక్టర్ల బోర్డులో స్త్రీలు ఎక్కువగానున్న కంపెనీలకు, తక్కువగానున్నవానికంటె వాటాదారుల పెట్టుబడిపై వచ్చు ఆదాయము 53 శాతము అధికమని అందు తేలినది. స్త్రీల పక్షమున మాట్లాడువారు ఈ యంకెను సంతోషముతో ఎత్తుకొనిరి. రెండేండ్లకే, 2009లో, ఆడమ్స్, ఫెరీరా అను ఆర్థికశాస్త్రజ్ఞు లిరువురు మరింత జాగ్రత్తగా లెక్కకట్టి, సగటున చూచినచో బోర్డులో స్త్రీలుండుటవలన కంపెనీ ఫలితములు కొంత తగ్గినట్లే కనబడుచున్నవని వ్రాసిరి. 2015లో ఇరువది పరిశోధనలను, మూడువేలకు పైబడిన కంపెనీలను ఒకచోట చేర్చి చూచినవారికి ఆ సంబంధము సున్నకు దాపుగా కనబడినది. 2016లో పీటర్సన్ సంస్థవారు 91 దేశములలోని 21,980 కంపెనీలను చూచిరి. ముఖ్యాధికారి స్త్రీ యగుటవలన ప్రత్యేకమైన భేదమేమియు లేదనియు, పైయధికారుల శ్రేణిలో స్త్రీల సంఖ్య పెరిగినచోట లాభములు కొంత యెక్కువగా నున్నవనియు వారు చెప్పిరి.

ఎక్కువ యనువారు కలరు, తక్కువ యనువారు కలరు, ఏమియు లేదనువారు కలరు. అంతేకాదు, ఎక్కువ యన్నచోటనైనను ఏది కారణము, ఏది కార్యము? స్త్రీలను చేర్చుకొన్నందున కంపెనీ బాగుపడినదా, బాగుపడిన కంపెనీ గనుక ధైర్యముగా స్త్రీలను చేర్చుకొన్నదా? వాన కురిసినందున గొడుగులు విప్పిరా, గొడుగులు విప్పినందున వాన కురిసినదా యనినట్లున్నది ఈ విచారము.

ఇంగ్లండులో జరిగిన ఒక ముచ్చట ఇచట చెప్పదగినది. 2003 నవంబరులో లండనులోని ఒక ప్రసిద్ధదినపత్రిక, బోర్డులలో స్త్రీలున్న కంపెనీల వాటాల ధరలు పడిపోవుచున్నవి గనుక స్త్రీలు లేకున్ననే మేలేమోయను ధోరణిలో ఒక వ్యాసము ప్రకటించినది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయములోని మిషెల్ రయన్, అలెగ్జాండర్ హాస్లమ్ అను ఆచార్యులు అవే కంపెనీలను తీసికొని, స్త్రీని నియమించినపిదప గాక, నియమింపకముందు నెలలలో ఆ కంపెనీల స్థితి యెట్లుండెనో చూచిరి. మార్కెట్టు దిగజారుచున్న ఆ కాలమున స్త్రీని బోర్డులోనికి పిలిచిన కంపెనీలు అంతకు ఐదునెలలు ముందునుండియే చిక్కులలో నుండెను! 2005లో ఈ సంగతిని వారు ప్రచురించిరి. ఓడ రంధ్రము పడినపిదప చుక్కాని నామె చేతికిచ్చి, మునిగినపుడు ఆమెయే ముంచినదనుట యిది. పురుషుడు ఓడిపోయినచో అతడొక్కడే ఓడిపోవును. స్త్రీ యోడిపోయినచో స్త్రీజాతియే యోడిపోయినదని లోకము వ్రాసికొనును.

ఇది ఇంగ్లండు మాట మాత్రమే కాదు. మన దేశములో 73వ రాజ్యాంగసవరణచే పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు లభించినపిదప, ఎస్తేర్ డఫ్లో, పెతియా తొపలోవా అను పరిశోధకురాండ్రు సర్పంచు స్త్రీయైన గ్రామములను, పురుషుడైన గ్రామములను పోల్చిచూచిరి. స్త్రీ సర్పంచులున్న గ్రామములలో త్రాగునీటి వసతులు హెచ్చుగానుండెను, వాని నాణ్యతలో లోపము లేదు, లంచములు తక్కువ. ఐనను ఆ గ్రామములవారు తమకు జరిగిన పనులపై తక్కువ తృప్తి వెల్లడించిరి! బోరింగు నీళ్లు త్రాగుచు, బోరింగు వేయించినయామెకు మార్కులు తగ్గించిరన్నమాట. మరికొన్ని యేండ్లు స్త్రీల పాలన చూచిన గ్రామములలో ఈ చిన్నచూపు తగ్గినట్లు 2009లో వెలువడిన మరియొక పరిశోధన చెప్పుచున్నది. తూచువాని కన్నే వంకరగా నున్నచో త్రాసు నిందింపబడుట న్యాయము కాదు.

ఇంతవరకు లెక్కల సంగతి. ఇంక అసలు ప్రశ్నకు వత్తము. కంపెనీకి సాఫల్యమనగా నేమి?

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ యెరుగని వీరశైవ గృహము లేదు. కల్యాణపట్టణమున నేలరాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకదినమున అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. వ్యాపారదృష్టితో చూచినచో అది సాఫల్యమే గదా! ఆదాయము పెరిగినది, ఖర్చు పెరుగలేదు. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత యేల తెచ్చితివని అడిగి, మిగులును తిరిగి అచటనే పోసి రమ్మని పంపెను. ఈ కథను పురాణకాలక్షేపములలో ఆశాత్యాగమునకు ఉదాహరణముగా చెప్పుదురు. అది నిజమే. ఐనను దీనిలో మరియొకటి కూడ కలదు. ఇంటికి వచ్చిన ఆదాయము ఎంత యని మాత్రమే గాక, ఎట్లు వచ్చినదని అడుగు అధికారము ఆ యింట ఆమెకుండెను. ఆమె అడిగెను, అతడు వినెను. అడుగువారు, వినువారు ఇరువురు నుండుటయే ఆ యింటి సౌభాగ్యము.

ఇప్పటి కంపెనీలలో ఈ ప్రశ్న యడిగినవారి గతి యేమైనది?

అమెరికాలో వరల్డ్‌కామ్ అను మహాటెలిఫోను సంస్థ యుండెడిది. ఇతర టెలిఫోను కంపెనీల తీగెలను వాడుకొన్నందుకు అది అద్దె చెల్లించుచుండెను. అద్దె యనగా ఖర్చు. ఏనాటి ఖర్చు నానాటి పద్దులో వ్రాయవలెను. అట్లు వ్రాసినచో లాభము కరగిపోవును గనుక, ఆ సంస్థ పెద్దలు కొందరు ఆ యద్దెను ఆస్తులపద్దులోనికి తోసివేసిరి. మామూలుగా చెప్పవలెనన్న, నెలనెల కట్టు ఇంటియద్దెను ‘ఇల్లు కొన్నాను’ అని వ్రాసికొనినట్లు. కాగితముపై కంపెనీ వెలిగిపోవుచుండెను. అంతరంగిక తనిఖీశాఖకు ఉపాధ్యక్షురాలు సింథియా కూపర్. 2002లో ఆమెయు, ఆమెక్రింది చిన్నబృందమును, పగలు అడిగినవారికి అనుమానము కలుగునని, రాత్రివేళల కూర్చుండి పద్దులు తిరుగవేసిరి. ఆర్థికవిభాగపు పెద్ద, ఆ తనిఖీని మరికొన్ని నెలలు వాయిదా వేయుమని ఆమె నడిగెను. ఆమె వాయిదా వేయలేదు. జూనుమాసమున 380 కోట్ల డాలర్ల తప్పుడులెక్క బయటపడినది. తరువాత తవ్వినకొలది అది ఇంకను పెరిగినది. జూలైలో కంపెనీ దివాలా అర్జీ పెట్టెను. అప్పటికి అమెరికా చరిత్రలో అంతటి దివాలా మరియొకటి లేదు.

లాభమే తూనికరాయి యైనచో, సింథియా కూపర్ పని యేమని తేలును? ఆమె నోరు మూసికొనియున్నచో ఆ నెలలో వాటాల ధర పడియుండెడిది కాదు. వేలమంది ఉద్యోగములు మరికొంతకాలము నిలిచియుండెడివి. కొందరు తోటియుద్యోగులు ఆమెను అట్లే చూచియుండవచ్చును. కంపెనీ కూలిన సంవత్సరమున కంపెనీ ఉన్నతపదవిలోనున్న స్త్రీయని లెక్కలు కట్టువా డొకడు ఆమెను నష్టపుగడిలోనే వ్రాసికొనును. ఐనను ఆ సంస్థలో ఆ సంవత్సరమున జరిగిన సత్కార్య మేదైనా యున్నచో అది ఆమె చేసినదే.

ఇక మన హైదరాబాదు సంగతి. సత్యం కంప్యూటర్స్ అను పేరు తెలుగుదేశమున ఒకప్పుడు ఎంత వెలిగినదో చెప్పనక్కరలేదు. కుమారునకు అందులో ఉద్యోగము దొరికినచో పెండ్లిసంబంధములు వాకిటికి వచ్చెడివి. ఆ కంపెనీకి 2008 సెప్టెంబరులో సత్పరిపాలనకుగాను ‘గోల్డెన్ పీకాక్’ పురస్కారము లభించినది. డిసెంబరు 16న దాని బోర్డు, స్థాపకుని కుటుంబమునకు చెందిన రెండు మైటాస్ కంపెనీలను కొనుటకు తీర్మానించెను. పెట్టుబడిదారు లాగ్రహింపగా కొన్నిగంటలలోనే ఆ తీర్మానము వెనుకకు తీసికొనవలసివచ్చెను. 2009 జనవరి 7న స్థాపకుడే, పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకునిల్వలలో అయిదువేల కోట్లకు పైగా లేనేలేవని ఒప్పుకొని ఉత్తరము వ్రాసెను.

ఆ బోర్డులో స్త్రీ లెందరు? ఒక్కరు. బాహ్యడైరెక్టరుగా పదునేడేండ్లుగా నున్నయామె. మైటాస్ తీర్మానమునకు వ్యతిరేకముగా ఓటు వేయకపోవుటకు నైతికబాధ్యత వహించుచున్నానని చెప్పి, మోసము బయటపడుటకు ముందే, డిసెంబరు చివరలో ఆమె రాజీనామా చేసెను. సభలో అడిగిన ప్రశ్నలు వేరు, చేయి యెత్తకపోవుట వేరు. ఆమె ఆ భేదమును తానే గుర్తించి, తానే ఒప్పుకొనెను. అది చిన్నగుణము కాదు. ఐనను లక్కమ్మ యింట నడిచినది ఈ బోర్డులో ఏల నడువలేదు? లక్కమ్మ ముందు మారయ్య యొక్కడే యుండెను. ఇచట ఆమె చుట్టును ప్రఖ్యాతిగల యెనమండుగురు పురుషులు, ఎదుట వెలుగుచున్న లాభములు, గోడపై పురస్కారము. ఆ గదిలో ఒంటరిగా ‘కాదు’ అనుట సులభమని చెప్పువాడు అట్టి గదిలో కూర్చుండి యెరుగడు. వాస్తవమునకు, మిగిలిన బాహ్యడైరెక్టర్లును కాదనలేదు. వారిని గూర్చి, మగవారు గనుక అడుగలేకపోయిరని యెవరును వ్యాసములు వ్రాయలేదు.

కావున స్త్రీలు స్వభావముచేతనే సత్యసంధులు, వారిని కూర్చుండబెట్టినచో కంపెనీలు శుద్ధిపడునని చెప్పుటయు పొరపాటే. ఈ పొగడ్తయు ఒకరకమగు భారమే. అమెరికాలో ఎలిజబెత్ హోమ్స్ అను యువతి థెరనాస్ అను రక్తపరీక్షల కంపెనీ స్థాపించి, పనిచేయని యంత్రమును పనిచేయునని చూపి పెట్టుబడిదారులను మోసగించినట్లు 2022లో న్యాయస్థానమున నిర్ధారణమై కారాగారశిక్ష పొందినది. ఆమె నుదాహరించి స్త్రీజాతిని నిందించుట యెంత తప్పో, సింథియా కూపర్ నుదాహరించి స్త్రీజాతికి ఋషిత్వ మంటగట్టుట యంత తప్పు. దేవతను చేసి గద్దెపై పెట్టినవారికి ఆ దేవతకు ఓటు ఇయ్యవలసిన పని యుండదు.

ఐనను ఆడమ్స్, ఫెరీరాల పరిశోధనలో లాభపు టంకెకంటె విలువైన విషయ మొకటి కలదు. దానిని చాలమంది చదువకుండ దాటిపోవుదురు. బోర్డు సమావేశములకు స్త్రీ డైరెక్టర్లు పురుషులకంటె ఎక్కువ క్రమముగా హాజరగుచున్నారు. స్త్రీలున్న బోర్డులలో పురుషుల హాజరును బాగుపడినది! తనిఖీసంఘములలో స్త్రీ లెక్కువగా కూర్చుండుచున్నారు. ముఖ్యాధికారి పని చెడినచో అతనిని జవాబు అడుగుటలో ఆ బోర్డులు మెత్తగా లేవు. అదివరకే గట్టి పర్యవేక్షణ గల కంపెనీలో ఈ యదనపు కాపలావలన లాభము తగ్గవచ్చును; కాపలా సడలినచోట మేలు కలుగుచున్నదని వారే వ్రాసిరి. కాయకమనగా నిదియే గదా. పిలిచిన వేళకు వచ్చుట, పట్టిక చదువుట, అర్థము కానిది అడుగుట. ఫలితము ఎంతయను లెక్క తరువాతిది. బసవేశ్వరుడు కాయకమునకు గౌరవము నిచ్చినపుడు, ఏ కాయకము ఎంత సంపాదించునని శ్రేణులు కట్టలేదు. చేయువారు స్త్రీయా పురుషుడా యనియు చూడలేదు.

ఇచట ఒక ఆక్షేపణము రాకపోదు. కంపెనీ ధర్మసత్రము కాదు. దానిలో ఎవరో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని భవిష్యనిధి సొమ్మున్నది. ఎవరో వితంతువు దాచుకొన్న వాటాలున్నవి. లాభము చూడవద్దన్నచో వారి గతియేమి? న్యాయమైన ప్రశ్న. లాభమును చూడవలసినదే. చూడవలసినది ఆ పదవిలోని వ్యక్తి పనిని. ఆ వ్యక్తి స్త్రీయగుటను కాదు. అసమర్థురాలగు స్త్రీని తొలగించుట అన్యాయము కాదు, అసమర్థుడగు పురుషుని తొలగించుటయు కాదు. అన్యాయమెచట నున్నదనగా, స్త్రీలకు చోటిచ్చుటకే లాభమును షరతుగా పెట్టుటలో. ఈ షరతు పురుషులకు ఏనాడును లేదు. పురుషులే నిండియున్న బోర్డులు శతాబ్దములుగా కంపెనీలను లేవనెత్తినవి, ముంచినవి; వారి హక్కు ఒకనాడును విచారణకు రాలేదు. స్త్రీలవలన లాభము గనుక స్త్రీలను తీసికొనుడని వాదించు మిత్రులు కూడ ఈ సంగతి నాలోచింపవలెను. లాభముపై కట్టిన హక్కు, లాభము తగ్గిన సంవత్సరమున కూలును.

చట్టములను గూర్చి రెండు మాటలు. నార్వే దేశము 2003లో చట్టముచేసి, 2008 నాటికి తన పబ్లిక్ కంపెనీల బోర్డులలో 40 శాతము స్థానములు స్త్రీలకుండవలెనని నిర్బంధించెను. దానివలన కంపెనీల విలువ పడిపోయినదని 2012లో ఇరువురు పండితులు వ్రాయగా ఆ మాట ప్రపంచమంతయు ప్రాకినది. 2022లో మరి ముగ్గురు అదే లెక్కను తిరుగకట్టి, అట్టి నష్టమునకు నమ్మదగిన ఆధారము లేదనిరి. ఈ రెండవ మాట అంతదూరము ప్రాకలేదు. మన దేశములో 2013 కంపెనీల చట్టము 149వ సెక్షను, స్టాకుమార్కెట్టులో నమోదైన ప్రతి కంపెనీలోను, నూరుకోట్ల మూలధనముగాని మూడువందలకోట్ల వ్యాపారముగాని గల పబ్లిక్ కంపెనీలలోను ఒక్క స్త్రీ డైరెక్టరైనను ఉండవలెనన్నది. 2015 ఏప్రిల్ 1 గడువు సమీపించినపుడు పలు కంపెనీలు యజమాని భార్యనో, కుమార్తెనో, కోడలినో తెచ్చి ఆ కుర్చీలో కూర్చుండబెట్టి చట్టము నెరవేర్చినవి. వారిలో సమర్థురాండ్రు లేరని కాదు. కాని వెదకకుండ దొరికిన సామర్థ్యమును గూర్చి సందేహము సహజము. ఆ సంగతి గ్రహించియే గాబోలు, సెబీ 2019 నుండి మొదటి 500 పెద్ద కంపెనీలలోను, 2020 నుండి మొదటి వేయి కంపెనీలలోను ఆ స్త్రీ స్వతంత్రడైరెక్టరు కావలెనని నియమము బిగించెను. ఒక్క కుర్చీ కుర్చీయే. కాని సత్యం కథలో చూచినట్లు, ఒక్క కుర్చీలో ఎంత గట్టి మనిషి కూర్చున్నను, ప్రక్కన మరియొక గొంతు కలియనిదే ప్రశ్న తీర్మానమును ఆపలేదు.

కంపెనీల మాట మనకెందుకని కొంద రనుకొనవచ్చును. మన కుటుంబములలోని కుమార్తె లెందరో నేడు బెంగుళూరు, హైదరాబాదులలో ఈ పదవుల మెట్లే యెక్కుచున్నారు. ఇంటికి వచ్చినపుడు వారి నడుగు మొదటి ప్రశ్న జీతమెంత పెరిగినదని. రెండవ ప్రశ్న సాధారణముగా పెండ్లిని గూర్చినది. ఏ కాగితముపై సంతకము చేయుటకు నిరాకరించితివని ఏ తండ్రియు అడుగడు. అడిగినచో ఆమె చెప్పదగిన కథలు కొన్ని యుండవచ్చును.

మఠముల పర్యవేక్షణలోను, సంఘముల ఆధ్వర్యమునను పాఠశాలలు, కళాశాలలు, వసతిగృహములు, ఆసుపత్రులు నడుచుచున్నవి. అనుభవమంటపమున అక్కమహాదేవి కూర్చున్న పీఠమును గూర్చి ప్రతి బసవజయంతికి ఉపన్యాసము జరుగును. ఉపన్యాసము ముగిసి, జనము ప్రసాదమునకు లేచినపిదప, లోపలిగదిలో కార్యవర్గము కూర్చుండి ఆదాయవ్యయముల పట్టిక చదువునపుడు, ఆ గదిలో స్త్రీ లెందరుందురు? ఉన్నచో, ఆ పట్టిక వారికి చదువుకొనుటకు ముందుదినముననే అందుచున్నదా, సంతకమునకు మాత్రమే అందుచున్నదా?